నాలుకతో నీళ్ళు చూసే లస్కరు

మా ఆయన నీళ్ళను నాకి చూస్తాడు. పెళ్ళయిన మూడోరోజు ఆ సంగతి కనిపెట్టి, ఈ మనిషికి ఏదో తేడా ఉందని మా అమ్మకు కబురు పెడదామనుకున్నాను. తెల్లవారగానే కాలువ మెట్లు దిగి, ఇనుప తలుపు పక్క సందులో ఊరే నీళ్ళలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ప్రార్థన చేసుకుంటున్నాడేమో అనుకున్నాను. కాసేపటికి తుపుక్కున ఉమ్మి, "ఉప్పే. ఇంకో గంట ఆగాలి" అన్నాడు. నాతో కాదు, తలుపుతో.

ఆయన పేరు రాజబాబు. మురుగుకాలువ తలుపులు కనిపెట్టుకుని ఉండే లస్కరు. ఆయన నాన్న కూడా అక్కడే లస్కరు చేసి పోయాడు. మా ఇల్లు పాలకాయతిప్ప వెళ్ళే దారిలో, సముద్రానికి మూడు మైళ్ళు ఇవతల. పై ఊళ్ళ పొలాల్లో నిలిచిన నీళ్ళన్నీ ఆ కాలువలో పడి, మా ఇంటి ముందు నుంచే సముద్రంలోకి పోతాయి. కాలువకు అడ్డంగా నాలుగు ఇనుప తలుపులు. సముద్రం ఆటు పట్టి వెనక్కి తగ్గితే తలుపులు ఎత్తాలి, మురుగు బయటికి పోతుంది. పోటు వస్తే దించెయ్యాలి, లేకపోతే ఉప్పునీళ్ళు ఎదురెక్కి పొలాల మీద పడతాయి. ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం. చెప్పుకోడానికి ఇంతే ఉద్యోగం. గుడివాడలో పుట్టి, బస్సుల మోత మధ్య పెరిగిన దాన్ని, ఈ ఉద్యోగం చూసి నాకు ఏడుపొచ్చింది.

తలుపును ఎంత బిగించినా పక్కన వెంట్రుకంత సందు ఉంటుంది. నీళ్ళు ఎత్తు నుంచి పల్లానికి ఊరతాయి కదా. లోపలి వైపు సందు దగ్గర ఉప్పగా తగిలితే సముద్రం ఇంకా ఎత్తున ఉన్నట్టు. చప్పగా తగిలితే దిగినట్టు. అంకెల పలక ఒకటి గోడకు ఉందిగాని, ఆయన ఎంత గోకినా వారంలో మళ్ళీ నాచు పట్టేది. అందుకని నాలుకే ఆయనకు పలక.

తలుపులు ఎత్తడానికి మూరన్నర పొడుగు ఇనుప హ్యాండిలు ఒకటుంది. అది తగిలించి తిప్పకపోతే భీముడు వచ్చినా తలుపు కదలదు. పగలు అది ఆయన భుజం మీద, పడుకుంటే మా మంచం కింద. పొద్దున్నే మరలకు గ్రీజు పూస్తూ ఆయన చేసే ప్రార్థన ఒక్కటే. "గేటు నీది ప్రభువా, గ్రీజు నాది." అంతే, ఆమెన్. నేనేమో మోకాళ్ళ మీద కూర్చుంటే మా చుట్టాల పేర్లన్నీ చెప్పి, మా ఆడపడుచు గుణం మార్చమని కూడా అడిగి గాని లేచేదాన్ని కాదు.

"అంత పొట్టి ప్రార్థన దేవుడికి వినపడుతుందంటారా?" అని ఎగతాళి చేశాను ఒకసారి.

"నీది వినేసరికి ఆయనకి నాది వినే తీరిక ఉండద్దూ? అందుకే పొట్టిగా చేస్తన్నా" అన్నాడు.

మాటలు తక్కువైన మనిషి అన్నది నిజమే. అన్నప్పుడు మాత్రం ఇలా అంటాడు.

ఇక నేను చేసిన పని చెబుతాను. ఈ కథంతా ఆయన గురించి రాద్దామని కూర్చున్నానుగాని, నా తప్పు లేకుండా ఆయన కథ లేదు.

తొంభై నాలుగు అక్టోబరులో ఆయనకు టైఫాయిడ్ వచ్చి బందరులో ఆసుపత్రిలో చేర్చారు. వెళ్ళేముందు హ్యాండిలు నాకు అప్పగించి, "కాలువ ఎగువనున్న పై లాకు లస్కరు వచ్చి చూసుకుంటాడు. అతనికి తప్ప ఎవరికీ ఇవ్వబాక స్వర్ణా. దేవుడు దిగొచ్చి అడిగినా ఇవ్వబాక" అన్నాడు. ఆయన వెళ్ళిన నాలుగోరోజు వాన పట్టుకుంది. రోడ్డు మునిగి పై లాకు లస్కరు రాలేకపోయాడు. ఆ మధ్యాహ్నం బసవపున్నయ్య గారు పదిమందిని వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. పై ఊరి పెద్దరైతు. ఎప్పుడూ రోడ్డు మీద నిలబడి "ఒరేయ్ రాజబాబూ" అని కేకేసేవాడే గాని మా వాకిలి తొక్కిన మనిషి కాదు.

"అమ్మా స్వర్ణలతా, చేలన్నీ మునిగిపోతన్నాయి తల్లీ. నీకు దణ్ణం పెడతాను, ఆ హ్యాండిలు ఇప్పించమ్మా" అన్నాడు.

పల్లె ఆడదాన్నైన నన్ను అంత పెద్ద మనిషి అమ్మా అని పిలవడం అదే మొదలు. దాచుకోవడం దేనికి, ఆ పిలుపుకు నా తల తిరిగింది. నీళ్ళు నాకి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. నేనే లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి హ్యాండిలు లాగి, రెండు చేతులతో ఇచ్చాను.

రెండు తలుపులు ఎత్తారు. గంటకల్లా పోటు వచ్చింది. దించబోతే కొట్టుకొచ్చిన తాటిమొద్దు ఒకటి తలుపు కింద అడ్డం పడింది. మర్నాడు మధ్యాహ్నం దాకా సముద్రం లోపలికి వస్తూనే ఉంది. బసవపున్నయ్య గారి చేలు మెరక మీద ఉన్నాయి కాబట్టి బతికాయి. మునిగినవన్నీ కాలువ వార మా పల్లెవాళ్ళ పట్టా భూములు. అందరికంటే పల్లంలో ఉన్నది పాపాయమ్మత్తది, ఎకరన్నర. మొగుడు లేదు, పిల్లలు లేరు, ఆ ఎకరన్నరే ఆమెకు అన్నీ. నీళ్ళు తీశాక ఆ చేలో వరి వేళ్ళతో సహా ఎర్రబారిపోయింది. చేను ఆరాక మట్టి మీద తెల్లటి పొర కట్టింది.

ఆయన ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు కాళ్ళ మీద పడి జరిగింది చెప్పాను. మర్నాడు విచారణకు అధికారులు వస్తే, బక్కచిక్కి కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి, "హ్యాండిలు ఇమ్మని ఆసుపత్రి నుంచి నేనే కబురు పెట్టానండీ" అన్నాడు.

నేను గుడ్లప్పగించి చూశాను. పక్కనే బసవపున్నయ్య గారు నిలబడి ఉన్నాడు. ఆయనకు నిజం తెలుసు. ఆయనా నోరు విప్పలేదు.

"ఎందుకండీ అట్టా చెప్పారు?" అని ఇంట్లోకి రాగానే అడిగాను.

"నీ పేరు చెబితే నువ్వు ఈ పల్లెలో నీళ్ళ బిందె ఎత్తుకుని తిరగలేవు. నా పేరయితే ఉద్యోగం మీదకి పోద్ది, అంతే."

అబద్ధమే. రోజూ వాక్యం చదివే మనిషి నాకోసం పచ్చి అబద్ధం ఆడాడు. అది మంచో చెడో నాకు ఈనాటికీ తెలియదు. ఆ క్షణం మాత్రం అమ్మయ్య అనిపించింది. ఆ అమ్మయ్య గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఎనిమిది నెలలు సస్పెన్షన్. ముదినేపల్లి దగ్గర చేపల చెరువులకు కాపలా వెళ్ళాడు. ఆయన మధ్యలో ఇంటికి వచ్చినప్పుడు కోతల పండుగ పడింది. మా చర్చిలో కోతల పండుగంటే కొత్త పంట తెచ్చి బల్ల ముందు పెట్టడం. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, పెరుగు ముంతలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ ఏడు పాపాయమ్మత్త కంచం మీద గుడ్డ కప్పి తెచ్చింది. గుడ్డ తీస్తే మట్టి. పైన తెల్లగా ఉప్పు పేరుకున్న మట్టి.

"నా చేలో ఈ ఏడు పండింది ఇదే అయ్యగారూ. ఒట్టి చేతులతో రాకూడదంటారుగా" అంది.

పాస్టరు కాంతారావు అయ్యగారు ఆ కంచాన్ని వడ్ల బుట్టల పక్కనే పెట్టారు. వేలంలో దాని వంతు వచ్చింది. ఎవరు పాడతారు మట్టిని? అప్పుడు మా ఆయన వెనక నుంచి లేచి, పెళ్ళికి మా నాన్న పెట్టిన చేతిగడియారం విప్పి, "ఇది తీసుకోండి అయ్యగారూ. అది నాకివ్వండి" అన్నాడు.

పాపాయమ్మత్త ఆయన వైపు చూసింది. "నా చేను తిన్నది చాలదా రాజబాబూ, మట్టి కూడా కావాల్సొచ్చిందా?" అంది. ఆయన తల దించుకున్నాడు. నేను ఆడవాళ్ళ వరసలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ మట్టిని ఆయన గాజుసీసాలో పోసి, మళ్ళీ ఉద్యోగంలో చేరాక తలుపుల దగ్గర షెడ్డు కిటికీలో పెట్టాడు. ఆ సీసా చూసుకుంటూ గ్రీజు పూసేవాడు.

ఆ పండుగ నుంచి నేను ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షరసం, తీసుకోవడం మానేశాను. మాలో ఒక పద్ధతి. ఎవరితోనైనా తగువుంటే, ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే, ముందు వాళ్ళతో సమాధానపడాలి, తర్వాతే రొట్టె ముట్టుకోవాలి. నెలకు మొదటి ఆదివారం అందరూ లేచి ముందుకు వెళ్ళి మోకరిస్తుంటే నేను చాప మీదే కూర్చునేదాన్ని. పాపాయమ్మత్త నన్ను దాటుకుంటూ వెళ్ళేది. ఒకసారి కాంతారావు అయ్యగారు సైకిలేసుకుని ఇంటికే వచ్చి, ఏమ్మా అని అడిగారు. కడుపునొప్పి అన్నాను. ఏ కడుపునొప్పి మొదటి ఆదివారమే వస్తుంది?

అయ్యగారు నవ్వలేదు. "బల్ల ఎక్కడికీ పోదమ్మా. నువ్వొచ్చేదాకా అక్కడే ఉంటుంది. కాకపోతే ఆలస్యం చేసిన కొద్దీ మీ కాలువ మెట్లకి నాచు పట్టినట్టు పడుతుంది, దిగడం కష్టమవుతుంది. ధైర్యం తెచ్చుకో" అన్నారు. నిజం చెబుతున్నా, ఆ మాట నన్ను బతికించింది. బల్ల ఎక్కడికీ పోదు అన్న మాట. అంట్లు తోముతూ అదే అనుకునేదాన్ని, పిడకలు కొడుతూ అదే అనుకునేదాన్ని. ధైర్యం మాత్రం రాలేదు. నాలుగేళ్ళు రాలేదు.

ఆ నాలుగేళ్ళూ పాపాయమ్మత్త చేను వదల్లేదు. మంచినీళ్ళు కట్టి ఉప్పు కరిగించి వదిలేది, మళ్ళీ కట్టేది, మళ్ళీ వదిలేది. మొదటి ఏడు తుంగ కూడా మొలవలేదు. తొంభై ఎనిమిదిలో వరి నిలబడింది. వెన్ను వేసింది. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, "పచ్చగా ఉంది" అని ఒక్క మాట చెప్పి, ఏడుస్తూ కూర్చుంది.

ఆ నవంబరులోనే మళ్ళీ వాన.

మూడు రోజులు తెరిపి లేదు. తూర్పు గాలి ఈడ్చి కొడుతోంది. మూడోరోజు పొద్దున్నకి పై ఊళ్ళ నీళ్ళు కాలువ నిండా వచ్చి గట్టు అంచులు తాకుతున్నాయి. ఆ రోజు లెక్క ప్రకారం తొమ్మిదింటికి ఆటు పట్టాలి. మా ఆయన తొమ్మిదింటికి దిగి నాకి చూశాడు. ఉప్పు. పదింటికి చూశాడు. ఉప్పు. గాలి సముద్రాన్ని వెనక్కి వెళ్ళనివ్వడం లేదు.

పదకొండు కాకముందే జనం వచ్చారు. గోనెసంచులు నెత్తిన కప్పుకుని డెబ్భై ఎనభై మంది. ముందు బసవపున్నయ్య గారు, ఆయన పక్కన తమ్ముడి కొడుకు గణపతి, చేతిలో గునపం. మా పల్లెవాళ్ళు కూడా ఉన్నారు. అందరి కంటే గట్టిగా అరుస్తున్నది పాపాయమ్మత్త. నడుం దాకా తడిసిపోయి ఉంది.

"రాజబాబూ, నా చేను మునిగిపోతందయ్యా! వెన్నులు నీళ్ళలో ఉన్నాయి. నీ కాళ్ళు పట్టుకుంటా, తలుపులెత్తయ్యా!"

మా ఆయన తలుపుల వంతెన మీద, మరలకు అడ్డంగా నిలబడ్డాడు. హ్యాండిలు గుండెలకు హత్తుకుని ఉన్నాడు.

"ఇప్పుడెత్తితే మురుగు పోదత్తా. ఉప్పొస్తది. సముద్రం ఇంకా ఎత్తునుంది. రెండు గంటలు ఆగండి. వరి రెండు గంటలు మునిగితే బతుకుద్ది. ఉప్పు తగిలితే బతకదు."

"రెండు గంటలంట! ఆటు తొమ్మిదింటికే పట్టాలి. మాకు తెలీదా?" అని ఎవరో అరిచారు.

"గాలి ఆపుతోందండీ. నీళ్ళు చూడండి, ఉప్పగా ఉన్నాయి."

"నువ్వు నాకి చెబితే మేం నమ్మాలా?" గణపతి ముందుకొచ్చాడు. "అప్పుడు ఆసుపత్రిలో మంచం మీద పడుకుని తీయమని కబురెట్టిన మొనగాడివి నువ్వేగా? చూడకుండానే తీయించావ్. పన్నెండు కుటుంబాల్ని మట్టిలో కలిపావ్. ఇయ్యాళ నీళ్ళ సంగతి మాకు చెబుతున్నావా?"

జనం అవునవును అన్నారు. నాకు ఆ అవునవును చెంపదెబ్బలా తగిలింది. ఆయన మాట ఎవరూ నమ్మకపోవడానికి కారణం ఆయన కాదు. ఆయన నాలుక ఒక్కరోజు కూడా తప్పు చెప్పలేదు. ఆ నాలుక మీద మచ్చ పెట్టింది నేను. నన్ను కాపాడ్డానికి ఆయన ఆడిన అబద్ధం ఇవాళ ఆయన నిజాన్ని తినేస్తోంది. దానితోపాటు పాపాయమ్మత్త చేనును కూడా తినెయ్యబోతోంది.

గణపతి ఆయన భుజం పట్టి లాగాడు. ఇంకో ఇద్దరు వచ్చి పడ్డారు. మా ఆయన కొట్టలేదు, తిట్టలేదు. హ్యాండిలు వదల్లేదు, అంతే. వంతెన మీద బోర్లా పడ్డాడు, హ్యాండిలు పొట్ట కింద. వాళ్ళు ఆయన్ని దొర్లించబోతున్నారు. నుదురు చిట్లి రక్తం వాననీళ్ళలో కలుస్తోంది. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో నాకు వినపడకపోయినా తెలుసు. గేటు నీది ప్రభువా.

నేను అప్పటిదాకా షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఊళ్ళో ఎవరినైనా కడిగేసే నా నోరు ఎండిపోయి ఉంది. చెబితే ఏమవుతుందో తెలుసు. ఈ జనం ముందు, ఈ పాపాయమ్మత్త ముందు. ప్రభువా, ఈ ఒక్క మాటకు నోరు తిప్పు, ఇంక నా చుట్టాల పేర్లు ఒక్కటీ చెప్పను అనుకున్నాను. నవ్వొస్తుందేమో మీకు. నేను నిజంగా అదే ప్రార్థన చేశాను.

వంతెన మీదికి పరుగెత్తాను.

"ఆపండి! అప్పుడు హ్యాండిలు ఇచ్చింది ఆయన కాదు. నేను!"

గాలికి సగం మందికి వినపడలేదు. ఇంకా గట్టిగా అరిచాను. "నేనిచ్చాను! ఆయన కబురూ పెట్టలేదు, ఏమీ పెట్టలేదు. దేవుడడిగినా ఇవ్వద్దని చెప్పెళ్ళాడు. నేనే మంచం కింద నుంచి తీసి ఇచ్చాను. నీళ్ళు చూడకుండా ఇచ్చాను. నా పరువు కోసం నింద తన మీద ఏసుకున్నాడు. ఆయన చేతిలో ఉండగా ఈ తలుపు ఒక్కసారి కూడా తప్పు తెరుచుకోలేదు. ఒక్కసారి కూడా! ఇయ్యాళ ఉప్పుందంటే ఉప్పుంది!"

గణపతి చేతులు ఆగాయి. "అబద్ధం. మొగుణ్ణి కాపాడుకోడానికి ఆడే నాటకం" అన్నాడెవరో.

"బసవపున్నయ్య గారూ, మీరు చెప్పండి. అమ్మా అని పిలిచి ఎవరి చేతిలోంచి తీసుకున్నారు?"

ఆయన నా వైపు చూశాడు. కింద పడి ఉన్న మా ఆయన వైపు చూశాడు.

"ఈ అమ్మాయి చేతిలోంచే" అన్నాడు. "అడిగింది నేను. ఇచ్చింది ఆ పిల్ల. రాజబాబుకి తెలీదు."

పాపాయమ్మత్త నా దగ్గరికి వచ్చింది. అంత దగ్గరగా ఆమె ముఖం నాలుగేళ్ళలో నేను చూడలేదు. చెంప మీద లాగి ఒక్కటి కొట్టింది. తడి చెయ్యి. చెవిలో గుయ్యిమంది. నేను కదల్లేదు.

"నాలుగేళ్ళు! నాలుగేళ్ళు నా పక్కనే కూర్చుని పాటలు పాడావే!" అంది.

తర్వాత ఆమె ఎవరూ అనుకోని పని చేసింది. నన్ను పక్కకు నెట్టి మెట్ల వైపు నడిచింది. నాచు పట్టిన ఆ మెట్లు పట్టుకుని పట్టుకుని దిగింది. నీళ్ళు ఆమె ఛాతీ దాకా వస్తున్నాయి. తలుపు పక్క సందులో చెయ్యి పెట్టి, దోసిట్లో పట్టుకుని నోట్లో పోసుకుంది. ఎనభై మందిమి చూస్తూ నిలబడ్డాం. ఆమె నోట్లో నీళ్ళు అలాగే పెట్టుకుని ఉంది, ఉమ్మడానికి తొందరపడలేదు.

ఉమ్మింది.

"ఉప్పు" అంది. "నా చేలో నాలుగేళ్ళు నాకాను దీన్ని. నాకు తెలీదా దీని రుచి? లేపండయ్యా ఆ మనిషిని."

పైకి వచ్చి, తడి చీరతోనే మరలున్న దిమ్మ మీద ఎక్కి కూర్చుంది. "ఇప్పుడు తలుపు ఎత్తాలంటే నన్నెత్తి ఎత్తండి" అంది. గణపతి గునపం పట్టుకుని నిలబడ్డాడు గాని ఆమె మీద చెయ్యి వెయ్యలేకపోయాడు. బసవపున్నయ్య గారు వెళ్ళి ఆమెకు కాస్త దూరంగా వంతెన మీద చతికిలబడ్డాడు. ఆయన చేలు కూడా మునిగే ఉన్నాయి మరి.

ఇంక ఎదురుచూడటమే. ఆ రెండు గంటలు ఎలా గడిచాయో అడక్కండి. కాలువ గట్టు అంచు దాటి ఒకచోట పొర్లడం మొదలుపెడితే మగవాళ్ళు బురద ముద్దలు వేసి ఆపారు. మా ఆయన నుదుటికి నా చీర చెంగు చింపి కట్టాను. పావుగంటకోసారి దిగుతున్నాడు. ఉప్పు. ఉప్పు. ఎవరి చేను ఎంత మునిగిందో కేకలు వినపడుతున్నాయి. పాపాయమ్మత్త తన చేను వైపు చూడకుండా సముద్రం వైపే చూస్తూ కూర్చుంది. ఆయన లెక్క తప్పయితే? గాలి సాయంత్రం దాకా తగ్గకపోతే? నా ఒళ్ళంతా చెవులై ఆయన నోటి మాట కోసం ఎదురుచూస్తున్నాను.

ఒకటిన్నర దాటాక దిగాడు. వేలు ముంచాడు. నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఈసారి ఉమ్మలేదు. గడ్డిపరక ఒకటి తుంచి సందు దగ్గర వేశాడు. అది రెండు సుళ్ళు తిరిగి, తలుపుకు అంటుకుని, మెల్లగా సందులోకి, సముద్రం వైపుకు పోయింది.

"చప్పగా ఉంది" అన్నాడు. తల పైకెత్తి మళ్ళీ అన్నాడు. "చప్పగా ఉంది అత్తా. దిగు."

నాలుగు తలుపులూ ఎత్తడానికి మనిషి తర్వాత మనిషి హ్యాండిలు తిప్పారు. గణపతి కూడా తిప్పాడు. ఎర్రటి మురుగు ఒక్కసారిగా సముద్రం వైపు పరుగు తీసింది. ఆ మోతలో ఎవరు ఏడ్చారో, ఎవరు నవ్వారో తెలియలేదు. సాయంత్రానికి వెన్నులు నీళ్ళ పైకి తేలాయి.

పాపాయమ్మత్త మాత్రం నాతో మాట్లాడలేదు. క్రిస్మస్‌కు అందరికీ అరిసెలు పంచింది, మా ఇంటికీ పంపింది, ఆయన పేరు చెప్పి. జనవరి మొదటి ఆదివారం నేను చాప మీదే కూర్చున్నాను. నిజం చెప్పేశాను కదా ఇంకేంటి అంటారేమో. చెప్పడం వేరు, సమాధానపడటం వేరు. అది ఒక్కరి చేతిలో ఉండదు. రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. రెండుసార్లూ ఆమె లోపలికి వెళ్ళిపోయింది. తప్పు పట్టను. నాలుగేళ్ళ ఉప్పు నాలుగు వారాల్లో దిగుతుందా?

"ఆమె క్షమించకపోతే ఎట్టాగండీ?" అని అడిగాను ఆయన్ని, గ్రీజు పూస్తుంటే.

"ఆమె చేను చూశావుగా. మంచినీళ్ళు కట్టింది, వదిలింది, మళ్ళీ కట్టింది. నువ్వూ అంతే. గుమ్మం దాకా వెళ్ళిరా. మళ్ళీ వెళ్ళు" అన్నాడు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం కోతల పండుగ పడింది, ఆ రోజే బల్ల కూడా. పాపాయమ్మత్త బుట్ట నిండా వడ్లు తెచ్చింది. నెత్తి మీద పెట్టుకుని చర్చి మధ్యలోంచి నడిచి, బల్ల ముందు దించింది. మా ఆయన ఆ రోజు గాజుసీసా తెచ్చి ఆమె బుట్ట పక్కన పెట్టాడు. ఆమె దాన్ని ఎత్తి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

ప్రసంగం అయింది. కాంతారావు అయ్యగారు రొట్టె మీద గుడ్డ తీశారు. వరసలు కదిలాయి. మగవాళ్ళు వెళ్ళారు, ఆడవాళ్ళు లేస్తున్నారు. నేను మామూలుగానే తల వంచుకుని చాప అంచు పట్టుకుని కూర్చున్నాను. బల్ల ఎక్కడికీ పోదు, బల్ల ఎక్కడికీ పోదు అనుకుంటూ.

నా ముందు రెండు పాదాలు ఆగాయి. మడమలు పగిలి, పగుళ్ళలో చేలో మట్టి ఇంకా పోకుండా ఉన్న పాదాలు. తలెత్తాను.

"ఆ రోజు మెట్లు దిగిన కాడ్నించీ నా మోకాళ్ళు పనిచెయ్యట్లేదు" అంది పాపాయమ్మత్త, నా వైపు కాకుండా బల్ల వైపు చూస్తూ. "ఒక్కదాన్నీ మోకరించలేను. లెగు. వచ్చి నా చెయ్యి పట్టుకో."

లేచాను. పట్టుకున్నాను. చర్చి చివరి నుంచి బల్ల దాకా ఇరవై అడుగులుంటాయేమో. ఆమె బరువంతా నా చేతి మీద వేసి మెల్లగా నడిచింది, నేనూ ఆమె పక్కనే నడిచాను.